పిడికిలి వద్దన్న మాట

“ఇప్పటికన్న నా మీద కోపం పోయిందా వదినా?” అని రాజలింగం అడిగాడు.

“కోపం ఎన్నడు లేకుండె. కండ్లమంట ఉండె. అది ఇప్పుడు సుత ఉన్నది” అన్నాను.

అతను నోరు తెరిచి నవ్వాడు. అప్పటికి నోట్లో పళ్ళు లేవు. శిష్యులిద్దరు రెక్కలు పట్టుకుని రిక్షా ఎక్కించారు. మేమిద్దరం మాట్లాడుకున్న ఆఖరి మాటలు అవే. ఆ చలికాలం దాటకుండానే పోయాడు. సుబేదారి సర్కారు ఆఫీసుల నుంచి కూడా మనుషులు వచ్చి దండలు వేశారు. మూడు విద్యలు కలిపి కొత్త విద్య పుట్టించిన మహానుభావుడని మైకులో చెప్పారు. నేను గోడ పక్కన నిలబడి విన్నాను. ఆ విద్య ఎట్లా పుట్టిందో మైకు పట్టుకున్నవాళ్ళకు తెలియదు. నాకు తెలుసు. కళ్ళతో కంటే చేతులతో ఎక్కువ తెలుసు. అందుకే చెబుతున్నాను. నాకు సంతకం పెట్టేంత చదువే ఉన్నది గనుక నేను చెబుతుంటే నా మనుమరాలు స్వప్న రాస్తున్నది.

నా పేరు కొమురమ్మ. మాది వరంగల్ కొత్తవాడ, మగ్గాల ఇల్లు. నైజాం రోజుల్లో, యుద్ధం నడుస్తున్నప్పుడు, నలభై మూడో నలభై నాలుగో, ఆ ఎండకాలంలో నన్ను తాలీంలో కట్టు పనికి పెట్టారు. తాలీం అంటే కుస్తీ నేర్పే చోటు. లోపల తవ్వి మెత్తగా చేసిన మట్టి ఉంటుంది, అది గోదా. అక్కడ అందరికీ పెద్ద ఉస్తాద్. ఆయన కింద ఖలీఫా. ఉస్తాద్ లేనప్పుడు ఆట నడిపేవాడు ఖలీఫా, ఉస్తాద్ తర్వాత పగిడీ కట్టించుకుని ఆయన చోట కూర్చోవలసినవాడూ ఖలీఫాయే. మా తాలీంకు ఉస్తాద్ ఖాసిం సాబ్. మా ఆయన మల్లేశం ఆయనకు ఖలీఫా.

మా అమ్మది ఎముకలు కట్టే చెయ్యి. ఆమె దగ్గరే నేర్చుకున్నాను. విరిగిన చోట ముందు నువ్వుల నూనె రాసి, వేళ్ళతో తడిమి, ఎముక ఎటు జరిగిందో చూడాలి. గుంజి సరిచేయాలి. గుడ్డు తెల్లసొనలో మినప్పిండి కలిపి పూయాలి. వెదురు బద్దలు పెట్టి గంజి లేని నేత బట్టతో చుట్టాలి. గంజి బట్టతో చుడితే ఆరిన తర్వాత బిగుసుకుపోయి రక్తం ఆడదు. అమ్మ పోయాక ఉస్తాద్ ఆ పని నాకు అప్పజెప్పాడు. ఖలీఫా పెండ్లానికి ఈ పని ఇస్తే పక్షపాతం వస్తుందని కొందరు గొణిగారు. ఆయన చెవిన పెట్టలేదు.

ఆడది గోదా మట్టి తొక్కగూడదు. అందుకని నా చోటు తాలీం వాకిట్లో రాతి అరుగు. దెబ్బ తగిలినవాణ్ణి అక్కడికి తెచ్చేవారు. ఒకసారి నేను కట్టు కడితే, నా మాట లేకుండా ఆ మనిషి మట్టిలో దిగరాదు. ఎంత పెద్ద పహిల్వాన్ అయినా సరే. దిగే రోజు వచ్చినప్పుడు ఉస్తాదే అరుగు దగ్గరికి వచ్చి అందరి ముందూ అడుగుతాడు. నేను చెప్పవలసినవి రెండే మాటలు. ఒకటి ‘విప్పొచ్చు’, రెండోది ‘ఉండనియ్యి’. ఎందుకని అడిగేది లేదు. అంత బలం ఉన్న మగవాళ్ళు నా ఒక్క మాట కోసం చేతులు కట్టుకుని నిలబడేవాళ్ళు. ఆ పని మీద నాకు గర్వం ఉండేది.

ఏడాది తిరగకముందే రాజలింగం బొంబాయి నుంచి తిరిగి వచ్చాడు. అతనిది మా వాడే. మీసాలు రాని వయసులో మా తాలీంలోనే మా ఆయన చేతి కింద కుస్తీ పట్టినవాడు. ఆ తర్వాత మేనమామ వెంట బొంబాయి మిల్లులకు పోయాడు. పోయేటప్పుడు సాధారణ పహిల్వాన్. వచ్చేటప్పుడు వేరే మనిషి. మన ఊరి మిల్లులో పనికి కుదిరాడు. షిఫ్టు దిగి సాయంత్రం తాలీంకు వచ్చేవాడు.

కుస్తీలో ఇద్దరూ వంగి తలకు తల ఆనించి పట్టు వెతుక్కుంటారు. అతను వంగడు. నిటారుగా నిలబడి కాళ్ళు గెంతిస్తుంటాడు. ఎదుటివాడు చెయ్యి చాపితే మణికట్టు దొరకబుచ్చుకుని తిప్పుతాడు. దగ్గరికి వస్తే పిడికిలితో ఒకటి ఇస్తాడు. వాడు తూలేలోపల నడుము కింద దూరి ఎత్తి వేస్తాడు. మొదటి రోజు చూసి ఉస్తాద్ నవ్వాడు. ఇది కుస్తీ కాదురా కిచిడి అన్నాడు. ఆ పేరే నిలిచింది. ఊరంతా కిచిడి కుస్తీ అన్నారు.

కానీ జనం కిచిడికే ఎగబడ్డారు. రోజులు బాగాలేవు. నెక్కొండ స్టేషన్‌లో రైలు దిగి దారి దోపిడీల భయానికి చీకటి పడేలోపల ఊరు చేరాలని జనం ఉరికే కాలం. రోడ్డు మీద మెత్తని మట్టి ఉండదు, ముందు సలామీ చేసి తర్వాత కొట్టేవాడు ఉండడు, ఇది రోడ్డు మీద పనికొచ్చే విద్య అని రాజలింగం చెప్పేవాడు. మిల్లు పనివాళ్ళు గుంపులుగా వచ్చారు. మా ఆయన నేర్పే గోదాలో సగం ఖాళీ అయింది.

నా కండ్లమంట అక్కడ మొదలైంది. అతను ఆఖరున ఎత్తి వేసే వేటు ఉన్నదే, అది మా ఆయనది. ధోబీ పాట్ అంటారు. చాకలి బండ మీద బట్ట వేసినట్టు మనిషిని భుజం మీదుగా తిప్పి నేలకు వేయడం. ఆ వేటులో మా ఆయనకు జిల్లాలో పేరు. దానికి ముందు ఒక మణికట్టు మెలిక కలిపాడని అది రాజలింగం వేటు అయిపోయింది. వరంగల్ స్టేషన్‌కు పోతే అక్కడ హమాలీలు కూడా దాన్ని రాజలింగం పేరుతోనే చెప్పుకోవడం విన్నాను. నా ఇంట్లో వండిన కూర ఎవరో తాలింపు పెట్టుకుని తమదని వడ్డిస్తే ఎట్లా ఉంటుంది, అట్లా ఉండింది నాకు. అతను అరుగు ముందునుంచి పోతూ వదినా అని పలకరిస్తే తల ఊపేదాన్నే గాని నోరు విప్పేదాన్ని కాదు.

ఉస్తాద్‌కు వయసు మీద పడింది. నాగుల పంచమి నాడు పగిడీ దించుతానని చెప్పాడు. కుస్తీ పట్టేవాళ్ళకు అది పెద్ద పండుగ, గోదా మట్టికి పూజ చేసే రోజు. పగిడీ మీద హక్కు ఖలీఫాదే. కానీ తాలీంలో పెరిగిన వేరే పహిల్వాన్ ఎవడైనా నాకు కావాలని నిలబడితే ఖలీఫా అతనితో తలపడి గెలవాలి. నిలబడేవాని ఒంటి మీద ఆనాటికి కట్టు ఉండగూడదు. మిల్లు పనివాళ్ళు ఎగదోశారు, రాజలింగం నిలబడ్డాడు. కిచిడిలో కొట్టడమూ ఉన్నది గదా, మరి ఏ ఆట ప్రకారం అని మా ఆయన అడిగాడు. వాని ఆట వాడు ఆడనీ, నీ ఆట నువ్వు ఆడు, పగిడీకి ఎవరు తగునో మట్టి చెబుతుందని ఉస్తాద్ అన్నాడు. మా ఆయన ముఖం నల్లబడింది.

మిరుగం కార్తె వానలు పడ్డ వారంలో రాజలింగం చెయ్యి విరిగింది. ఒక మిల్లు మనిషికి నేర్పుతూ పిడికిలి విసిరాడు. ఆ మనిషి చిన్నప్పటి నుంచి కుస్తీ పట్టినవాడు. భయపడినా కోపం వచ్చినా కుస్తీవాడు చేసే పని ఒకటే, తల దించి ముందుకు దూసుకొస్తాడు. గడ్డానికి తగలవలసిన పిడికిలి నుదుటికి తగిలింది. నుదుటి కంటే గట్టి ఎముక మనిషికి లేదు. రాజలింగాన్ని అరుగు మీదికి తెచ్చారు.

కుడి చెయ్యి చిటికెన వేలి వెనక ఎముక. నూనె రాసి తడిమితే కొత్త విరుపు కింద పాత విరుపు తగిలింది. ఎవరో సరిగ్గా కట్టలేదు, వంకరగా అతుక్కుంది. ఎక్కడిదని అడిగాను. బొంబాయిది అన్నాడు. కట్టు కట్టే మనిషికి ఎవరైనా నిజం చెబుతారు. చెయ్యి నా ఒళ్ళో పెట్టి అన్నీ చెప్పాడు.

అతను చెప్పక ముందే సగం నాకు తెలిసింది. అతని ఎడమ చెవి గడ్డ కట్టి ముడుచుకుపోయి ఉంటుంది, అది మా తాలీం మట్టి చేసిన పని. మణికట్లు రెండూ మామూలుకంటే లావు. ఊరు విడిచి పోకముందే మా ఊరి ఉర్సు గుట్ట దగ్గర ఒక ముసలి జవాను వద్ద బిన్నోటు నేర్చుకున్నాడట, మాకు ఎవరికీ చెప్పకుండా. బిన్నోటు అంటే కత్తి పట్టుకుని వచ్చినవాణ్ణి ఖాళీ చేత్తో మణికట్టు తిప్పి పడేసే పాత విద్య. ముక్కు మధ్యలో అణిగి ఉంటుంది, అది బొంబాయి బాక్సింగ్. ఓడలు ఆగే చోట ఒక కలాసీ దగ్గర నేర్చుకుని ఆదివారాలు పందేలకు దిగేవాడట. గెలిచినవాటికంటే ఓడినవే ఎక్కువని తానే నవ్వాడు. ఒక చోట ఓడినది ఇంకో చోట గెలిచినదానితో కలిపితే ఏమవుతుందని ఆలోచిస్తే ఈ ఆట తట్టిందని చెప్పాడు.

వింటుంటే నాకు ఇంకా మండింది. మా ఆయన ఒక్క ఉస్తాద్ కాళ్ళ దగ్గర జీవితం పోశాడు. ఇతను ముగ్గురి దగ్గర తలా కొంచెం ఏరుకుని పెద్దవాడయ్యాడు. అయినా కట్టు మాత్రం ఎప్పటిలాగే కట్టాను. బద్ద ఒక్కటి కూడా వదులుగా పెట్టలేదు.

పంచమి దగ్గర పడింది. ఒక మధ్యాహ్నం మా ఆయన మగ్గం మీద ఉన్నాడు, నేను కండెలు చుడుతున్నాను. పోగు మోసే నాడె ఆపి నావైపు తిరిగాడు.

“వాని కట్టు ఎప్పుడు విప్పుతవే?”

“అతికినంక.”

“జర పంచమి దాటనియ్యి. ‘ఉండనియ్యి’ అంటే అయిపాయె. నిన్ను ఎందుకని అడిగెటోడు ఎవ్వడు లేడు.”

“అడిగెటోడు లేడనే గద ఉస్తాద్ నన్ను పెట్టిండు” అన్నాను.

“వాడు నా వేటు గుంజుకున్నడు. పగిడీ సుత గుంజుకుంటడు. నువ్వు కండ్ల నిండ చూస్తవు.”

నేను కండె చుడుతూనే ఉన్నాను. ఆయనకు ఎంత మంటగా ఉన్నదో నాకూ అంతే ఉన్నది. కానీ ఎముక అతికిందో లేదో తేల్చడానికి మా మంట ఏమి అక్కరకొస్తుంది? ఆయన మళ్ళీ నాడె విసిరాడు. ఆ రోజు నేసిన గజం అంతా పోగులు తెగి ఉన్నది.

పంచమికి కొన్నాళ్ళ ముందు ఉస్తాద్ అరుగు దగ్గరికి వచ్చాడు. వాకిలంతా నిండిపోయింది. ఒక పక్క మా ఆయన మనుషులు, ఒక పక్క మిల్లువాళ్ళు. నేను కట్టు విప్పి బద్దలు తీసి బొటన వేలితో ఎముక పొడవునా నొక్కాను. గట్టిపడింది. నీళ్ళలో ముంచిన దోవతి ఇచ్చి పిండమన్నాను. చెయ్యి ఎముక పరీక్ష అదే, పట్టూ మెలికా రెండూ తెలిసిపోతాయి. నీళ్ళు చుక్క లేకుండా పిండాడు, ముఖం చిట్లించలేదు. తర్వాత పిడికిలి బిగించమని, నా అరచేతిని అందులోకి అదిమి నెట్టాను. పాత వంకర దగ్గర ఎముక కొంచెం లోపలికి దిగింది. అతనికి నొప్పి కూడా తెలియలేదు. నా చేతికి తెలిసింది.

“క్యా బేటీ, విప్పొచ్చునా?” అని ఉస్తాద్ అడిగాడు.

విప్పొచ్చు అంటే అతను పిడికిలి విసురుతాడు, చెయ్యి ఇంకోసారి విరుగుతుంది, మూడోసారి విరిగితే మగ్గం మీద నాడె కూడా పట్టలేడు. ఉండనియ్యి అంటే అబద్ధం. ఆ తాలీంలో అప్పటిదాకా ఎవరూ అనని మూడో మాట చెప్పవలసి వచ్చింది.

“విప్పొచ్చు. పట్టుకు పనికొస్తది. పిడికిలికి పనికిరాదు” అన్నాను.

వాకిట్లో గోల లేచింది. మిల్లువాళ్ళలో ఒకడు ఖలీఫా పెండ్లాం గద, ఆమె అట్లనే అంటదని అరిచాడు. ఇంకొకడు, మా రాజలింగం చెయ్యి నరకాలనన్న అనకపోతివి అని వెటకరించాడు. రాజలింగం వాళ్ళను ఊరుకోమని సైగ చేసి నన్ను అడిగాడు.

“నిజమేనా వదినా? లేకపోతే మా అన్న కోసం చెప్తున్నవా?”

“బొంబాయిల నీ పిడికిలికి తోలు తొడుగు ఉండె. ఇక్కడ ఏమున్నది? మనోళ్ళు తల దించి వస్తరు. నీ ఎముక మా నుదుళ్ళకు ఆగది.”

“మంచిది. ఇగ మీ ఇంటాయన గెల్చినట్టే” అన్నాడు. కళ్ళల్లో నమ్మకం లేదు.

ఉస్తాద్ చెయ్యి ఎత్తి గోల ఆపాడు. అరుగు మీది మాట మాటే, పంచమి ఆటలో రాజలింగం పిడికిలి బిగిస్తే ఓడినట్టే అని తేల్చాడు. ఆ రోజు మా ఆయన ఇంటికి వచ్చి రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. బగ్గ తెలివిగ చెప్పినవే అన్నాడు. నీ కోసం చెప్పలేదు అన్నాను. కన్ను కొట్టాడు. సంతోషం నాకు మాత్రం లేదా? ఉండింది. నిజం చెప్పి, అది మనకు లాభమైతే సంతోషపడకుండా ఎవరుంటారు?

ఆ మిగిలిన రోజులు రాజలింగాన్ని అరుగు మీద నుంచి చూస్తూనే ఉన్నాను. మొదట్లో పిడికిలి లేక చెయ్యి తెగినట్టే తిరిగాడు. మల్లఖంబం అని తాలీంలో నున్నటి కొయ్య పాతి ఉంటుంది. ఒకనాడు దాని ముందు నిలబడి వేళ్ళు వెనక్కి వంచి, అరచేతి మడమతో కొట్టి చూశాడు. ఒకసారి కొట్టి చెయ్యి చూసుకున్నాడు. ఇంకోసారి కొట్టాడు. అక్కడ మణికట్టు ఎముకల దన్ను ఉంటుంది, మీద మెత్తని కండ ఉంటుంది. వేలి ఎముకకు దెబ్బ రాదు. అది నాకు అప్పుడే అర్థమైంది. మా ఆయనకు అర్థం కాలేదు. నేను చెప్పలేదు. అరుగు మీద కూర్చుని చూసినది ఒకరిది ఇంకొకరికి మోయకూడదని మా అమ్మ నేర్పింది.

పంచమి నాడు మట్టికి పసుపు, మజ్జిగ, నూనె కలిపి పూజ చేశారు. ఇద్దరూ సలామీ చేసి ఒకరి భుజాలకు ఒకరు మట్టి రాశారు. మా ఆయనకు పిడికిలి భయం లేదు గనుక ధైర్యంగా తల దించి దూసుకుపోయాడు. రాజలింగం గెంతి పక్కకు పోలేదు. అరచేతిని ఆ నుదుటి కింద పెట్టి పైకి నెట్టాడు. మెడ వెనక్కి వంగింది, తల లేచింది, నడుము తేలిపోయింది. రెండో చేత్తో మణికట్టు దొరికించుకుని తిప్పాడు. ఆ తర్వాత భుజం మీదుగా వేశాడు. మా ఆయన వేటు మా ఆయనకే. రెండు భుజాలూ మట్టికి తగిలితే చిత్ అంటారు, ఆట అయిపోయినట్టు. ఢోలు ఆగింది.

మా ఆయనను అరుగు మీదికి తెచ్చారు. కుడి భుజం గూడ జారింది. నా కాలు ఆయన చంకలో ఆనించి చెయ్యి గుంజడానికి పట్టుకున్నాను. ఆయన పళ్ళ మధ్య నుంచి అన్నాడు.

“వాని పిడికిలి వానికి ఇడిచిపెడితే వాడే ఇరగ్గొట్టుకునేటోడు. నువ్వే కాపాడినవ్. నా ఇంట్ల కూసొని వాన్ని గెలిపించినవ్.”

నేను గుంజాను. గూడ లోపల పడిన చప్పుడు వినిపించింది. లోపల ఉస్తాద్ రాజలింగానికి పగిడీ కడుతుంటే జనం అరుస్తున్నారు. నేను మా ఆయన చెయ్యి మెడకు కట్టి ఇంటికి తీసుకుపోయాను.

మా ఆయన మళ్ళీ గోదాలో దిగలేదు. గూడ మానిన తర్వాత కూడా కట్టు విప్పొచ్చునా అని నన్ను ఎవరినీ అడగనియ్యలేదు, తానే విప్పుకున్నాడు. మగ్గం మీద బతికాడు, మగ్గం మీదే ముసలివాడయ్యాడు. నాతో మాట్లాడకుండా లేడు, కానీ కుస్తీ మాట మాత్రం పోయేదాకా ఎత్తలేదు.

రాజలింగం తాలీం పెరిగింది. ఊళ్ళ నుంచి వచ్చి నేర్చుకున్నారు. కిచిడి అన్న పేరు పోయి రాజలింగం విద్య అన్నారు. అందులో అన్నిటికంటే పేరు వచ్చింది దేనికో తెలుసా? తెరిచిన అరచెయ్యికి. పిడికిలి బిగించకుండా కొట్టే విద్య ఈ దేశంలో ఇంకెక్కడా లేదని శిష్యులు చెప్పుకునేవారు. బొంబాయిలో కలాసీ నేర్పాడని ఒకరు, ధ్యానంలో తట్టిందని ఒకరు. ఒకసారి నా ఎదుటే ఎవరో అడిగారు, ఈ అరచెయ్యి ఎట్లా వచ్చింది ఉస్తాద్ అని. రాజలింగం నావైపు చూశాడు. దేవుడిచ్చిండు అన్నాడు.

నాకు మొదట్లో కండ్లమంట మా ఆయన తరఫున ఉండేది. ఆ రోజు నుంచి నా తరఫున అయింది. వేటు మా ఆయనది, మెలిక ఆ ముసలి జవానుది, గెంతడం ఆ కలాసీది. వాళ్ళ ముగ్గురి పేర్లూ రాజలింగం ఎప్పుడైనా తలచుకునేవాడు. అరచెయ్యికి మాత్రం మనిషి పేరు పెట్టలేదు.

పని మాత్రం నేను వేళ్ళలో బలం ఉన్నంత కాలం చేశాను. ఆ పంచమి తర్వాత ఉస్తాద్‌లు రెండు మాటలతో ఊరుకోలేదు. ఏ పనికి పనికొస్తుంది, ఏ పనికి పనికిరాదు, విడదీసి చెప్పమనేవారు. వేరే తాలీంల వాళ్ళు కూడా అట్లాగే అడగడం మొదలుపెట్టారు. నేను నేర్చుకున్నది ఒకటే. ఎముక సంగతి చెప్పేటప్పుడు, దాంతో ఎవరు గెలుస్తారో లెక్క వేయకూడదు. నేను వేసిన లెక్క తప్పింది, మా ఆయన వేసినదీ తప్పింది, మిల్లువాళ్ళు వేసినదీ తప్పింది. చేతికి తగిలినది మాత్రం తప్పలేదు. ఒంట్లో మంట ఉన్నా పని సరిగ్గా చేయవచ్చు. పని సరిగ్గా చేస్తే మంట పోతుందని మాత్రం లేదు.

స్వప్నా, ఇగ చాలు బిడ్డా, కలం పెట్టు. మొదటి నుంచి చదువు, వింటా. అరచెయ్యి సంగతి వచ్చిన కాడ జర మెల్లగ చదువు.